జేబులో పట్టే సౌండ్ కార్డుతో ఫోన్‌లోనే రికార్డింగ్ ఎలా చేయాలి

పోయిన వేసవిలో మా అవ్వ చేత పాటలు పాడించుకున్నాను. ఆమె ఇల్లు చిత్తూరు పక్కన పల్లెలో. కొత్తగా కొన్న సౌండ్ కార్డు (మైకును ఫోన్‌కు కలిపే చిన్న డబ్బా), ఒక మంచి మైకు, మడిచే స్టాండు సంచిలో వేసుకుని పోయాను. మైకు ఆమె నోటికి జానెడు దూరంలో నిలబెట్టి, దాని వైరు సౌండ్ కార్డుకు, అక్కడినుంచి ఇంకో వైరు ఫోన్‌కు తగిలించాను. "ఏంది నాయనా ఇది, అగ్గిపెట్టె మాదిరి ఉండాది" అని డబ్బాను తిప్పి తిప్పి చూసింది. తర్వాత గంటన్నర పాడింది. తిరుపతికి వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే ముందు ఫ్యాను వినిపించింది. దాని వెనక కోళ్ళు. వాటి వెనక ఎక్కడో అవ్వ. ఫోన్ ఆ డబ్బాను పట్టించుకోనే లేదు. మంచం మీద పడుకుని, తన అడుగున ఉన్న చిన్న మైకుతోనే మొత్తం రికార్డు చేసుకుంది. నేను పెట్టిన మైకు అవ్వ ముందు గంటన్నర సేపు ఊరికే నిలబడింది.

అందుకే ఏ డబ్బా కొనాలో చెప్పకముందే ఈ ఒక్క పరీక్ష నేర్పుతాను.

గోటి పరీక్ష

అన్నీ తగిలించి రికార్డింగ్ నొక్కండి. మైకు జాలీ మీద గోటితో మెల్లగా గీకండి. నాలుగు సెకన్లు ఆగండి. ఇప్పుడు ఫోన్ అడుగున, ఛార్జింగ్ పిన్ను పెట్టే చోటు పక్కన గీకండి. ఆపి, వినండి. మొదటి గీకుడు చెవి దగ్గరే గరగరమని, రెండోది వినీ వినపడనట్టు ఉంటే మీ మైకు పని చేస్తున్నట్టే. రెండోదే గట్టిగా ఉంటే ఫోన్ మిమ్మల్ని మోసం చేస్తోంది.

స్క్రీన్ మీద మీటరు కదులుతోంది కదా అని ధైర్యంగా ఉండకండి. ఫోన్ మైకుకు కూడా ఆ మీటరు అట్లనే కదులుతుంది. నేను మోసపోయింది అక్కడే. ఇప్పుడు పాట మొదలయ్యేముందు ప్రతిసారీ గీకుతాను, మధ్యలో వైరు ఊడి మళ్ళీ పెట్టినా గీకుతాను. ఇరవై సెకన్ల పని.

డబ్బా ఏం చేస్తుంది, ఏది తీసుకోవాలి

మైకు నుంచి వచ్చే కరెంటు చాలా చిన్నది, వోల్టులో వెయ్యో వంతుల లెక్క. దాన్ని పెంచడం డబ్బా మొదటి పని. పెంచినదాన్ని సెకనుకు 44,100 సార్లో 48,000 సార్లో కొలిచి అంకెలుగా మార్చి ఫోన్‌కు పంపడం రెండో పని. హెడ్‌ఫోన్‌లో మీకు వినిపించడం మూడోది. ఇంట్లో పెద్ద స్టూడియో పెట్టె చేసేదీ ఇదే. ఇది జేబులో పడుతుంది, కరెంటు ఫోన్ నుంచే తీసుకుంటుంది, అంతే తేడా.

షాపులో సౌండ్ కార్డు అని అడిగితే రెండు రకాలు చూపిస్తారు. ఒకటి ఫోన్ హెడ్‌ఫోన్ రంధ్రంలో పెట్టే 3.5 పిన్ను రకం. దాని పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి. ఇది సౌండును పెంచి పంపుతుందే గానీ అంకెలుగా మార్చే పని ఫోన్‌కే వదిలేస్తుంది. ఫోన్‌లో ఆ రంధ్రం వెనక ఉన్న ఏర్పాటు ఫోన్ మాట్లాడుకోవడానికి పెట్టింది, పాటలకు కాదు. గిటార్ వాయించుకునే పిల్లలకు ప్రాక్టీసుకు సరిపోతుంది. పైగా ఇప్పుడు చాలా ఫోన్లకు ఆ రంధ్రమే లేదు. రెండోది యూఎస్‌బీ రకం. అంకెలుగా మార్చే పని దాని లోపలే జరుగుతుంది. ఒక వెయ్యి ఎక్కువైనా ఇదే తీసుకోండి.

కొనేటప్పుడు చూడాల్సినవి: మైకు పెట్టే చోట మూడు బొక్కల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్టు ఉండాలి. గెయిన్‌కు, అంటే మైకు సౌండును ఎంత పెంచాలో చెప్పేదానికి, చేత్తో తిప్పే చక్రం ఉండాలి. యాప్‌లో గెయిన్ మార్చుకునే రకం కూడా ఉంది, కానీ పాట మధ్యలో స్క్రీన్ మీద వేలుతో వెతుక్కోవడం నరకం. హెడ్‌ఫోన్ సాకెట్టు తప్పనిసరి. కంప్యూటర్‌కు ప్రత్యేకంగా డ్రైవర్ వేయక్కర్లేకుండా పని చేసేదై ఉండాలి, ఎందుకంటే కంప్యూటర్‌కు వేసినట్టు ఫోన్‌కు విడిగా డ్రైవర్ (డబ్బాను నడిపే సాఫ్ట్‌వేర్) వేయలేం. ఆండ్రాయిడ్ 2014లో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి ఇలాంటి యూఎస్‌బీ సౌండ్ కార్డులను గుర్తుపడుతుంది. ఐఫోన్ అయితే 2023లో వచ్చిన 15 మోడల్ నుంచి టైప్‌-సీ సాకెట్టే కాబట్టి నేరుగా తగిలించొచ్చు. అంతకు ముందు మోడళ్ళకు యాపిల్ కెమెరా అడాప్టర్ కావాలి, అందులోనూ ఛార్జింగ్ వైరు పెట్టుకునే రెండో రంధ్రం ఉన్నది. లేకపోతే డబ్బా కరెంటు ఎక్కువ లాగుతోందని ఫోన్ మొండికేస్తుంది.

ఇన్‌పుట్లు, అంటే మైకు పెట్టే సాకెట్లు, ఒకటా రెండా? ఇంట్లో పాడే గొంతు మాత్రమే అయితే ఒకటి చాలు. ఊళ్ళో కార్యక్రమాలకు పోయే ఉద్దేశం ఉంటే రెండున్నది తీసుకోండి, కారణం కింద హరికథ దగ్గర చెప్తాను.

ఇక మైకు. కండెన్సర్ మైకు సన్నటి చప్పుడును కూడా పట్టే రకం. దానికి డబ్బా నుంచి మైకు వైరులోనే 48 వోల్టుల కరెంటు పోవాలి, దాన్నే ఫాంటమ్ పవర్ అంటారు. డబ్బా మీద "48వీ" అని మీట ఉంటుంది. ఆ కరెంటు కూడా మీ ఫోన్ బ్యాటరీ నుంచే పోతుంది. డైనమిక్ మైకుకు ఈ గొడవ లేదు. 1966 నుంచి స్టేజీల మీద కనిపించే షూర్ ఎస్‌ఎం58 ఆ రకమే. తిరుపతి లాంటి రద్దీ ఊళ్ళో ఇంట్లో రికార్డు చేసేవాళ్ళకు నేను డైనమిక్‌నే చెప్తాను. దగ్గర ఉన్న గొంతును పట్టుకుని వీధిని చాలావరకు వదిలేస్తుంది. కాకపోతే దానికి గెయిన్ బాగా ఎక్కువ కావాలి. చౌక డబ్బాల్లో గెయిన్ చివరిదాకా తిప్పితే సుయ్‌మనే శబ్దం వస్తుంది. అవ్వలా మెల్లగా పాడేవాళ్ళకు కండెన్సర్ పెట్టి, గది నిశ్శబ్దంగా చూసుకోవడం మేలు.

ఇంకొకటి, వైరు. ఛార్జర్‌తో వచ్చే కొన్ని వైర్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. అలాంటిది పెడితే డబ్బాలో లైటు వెలుగుతుంది, ఫోన్‌కు మాత్రం అక్కడ ఏమీ ఉన్నట్టే తెలియదు. డబ్బాతో వచ్చిన వైరుకు ఎర్ర దారం కట్టి పెట్టుకోండి, ఇంట్లో వాళ్ళు దాంతో ఫోన్ ఛార్జింగ్ పెట్టకుండా.

తగిలించే వరస

ముందు డబ్బా మీద గెయిన్ సున్నాకు తిప్పండి, ఫాంటమ్ ఆపేయండి. మైకు వైరు డబ్బాకు పెట్టండి. తర్వాత డబ్బాను ఫోన్‌కు. కండెన్సర్ అయితే ఇప్పుడు ఫాంటమ్ వేసి పది సెకన్లు ఆగండి. హెడ్‌ఫోన్ చివర. యాప్ అన్నిటికన్నా చివర తెరవండి. ముందే తెరిచి పెట్టిన యాప్ చాలాసార్లు ఫోన్ మైకునే పట్టుకుని కూర్చుంటుంది.

డబ్బా లైటే వెలగకపోతే భయపడకండి. కొన్ని కంపెనీల ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఓటీజీ (ఫోన్‌కు బయటి పరికరాలు తగిలించుకునే ఏర్పాటు) అని ఒక మీట ఉంటుంది, దాన్ని వేయాలి. అది వాడకుండా కాసేపు వదిలేస్తే తనంతట తానే ఆగిపోతుంది కూడా. కాఫీ తాగి వచ్చాక మళ్ళీ చూసుకోండి.

డబ్బా తగిలించగానే ఫోన్ స్పీకర్ మూగబోతుంది. చెడిపోలేదు. సౌండంతా ఇప్పుడు డబ్బా హెడ్‌ఫోన్ సాకెట్టులోంచి వస్తుంది. దీనివల్ల పాడేవాళ్ళకు ఒక చిక్కుంది. మన ఊళ్ళో సంగీతం నేర్చుకునే పిల్లలందరూ శ్రుతికి ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టుకుంటారు. రికార్డింగ్ చేసే ఫోన్‌లోనే దాన్ని పెడితే శ్రుతి వాళ్ళకు వినపడదు, మీ హెడ్‌ఫోన్‌లో మోగుతుంది. శ్రుతికి ఇంట్లో ఇంకో ఫోన్ తీసుకోండి, పాడేవాళ్ళ ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి అందులో వినిపించండి. గదిలో గట్టిగా శ్రుతి పెడితే అదీ మైకులోకి ఎక్కి కూర్చుంటుంది, తర్వాత గొంతు ఒక్కదాన్నే పెంచుకోలేరు.

ఎయిర్‌ప్లేన్ మోడ్ వేయండి, వైఫై కూడా ఆపండి. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో వైఫై అలాగే ఉండిపోతే వాట్సాప్ కాల్ వచ్చి రికార్డింగ్‌ను మధ్యలో తెంచేస్తుంది. ఒక పెళ్ళిపాట అలా పోగొట్టుకున్నాను, ఫోన్ చేసింది కూడా ఆ పెళ్ళివాళ్ళే.

యాప్ విషయానికి వస్తే, ఫోన్‌తో వచ్చే వాయిస్ రికార్డర్‌ను నమ్మకండి. కొన్ని యూఎస్‌బీ డబ్బాను వాడుకుంటాయి, కొన్ని వాడుకోవు. గోటి పరీక్ష చేస్తే మీ ఫోన్ సంగతి తెలిసిపోతుంది. ఆండ్రాయిడ్‌లో బ్యాండ్‌ల్యాబ్ ఉచితం, మొదలుపెట్టడానికి బాగుంటుంది. డబ్బు పెట్టగలిగితే ఆడియో ఎవల్యూషన్ మొబైల్ తన సొంత యూఎస్‌బీ డ్రైవర్‌తో పని చేస్తుంది కాబట్టి మొండి ఫోన్లలో కూడా డబ్బాను పట్టుకుంటుంది. ఐఫోన్‌లో గరాజ్‌బ్యాండ్ చాలు. వీడియోతో పాటు కావాలంటే ఆండ్రాయిడ్‌లో ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ ఉంది. సౌండ్ ఎక్కడినుంచి తీసుకోవాలో దాని సెట్టింగుల్లో మీరే చెప్పొచ్చు.

సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 కొలతలు), 24 బిట్ (ఒక్కో కొలతను ఎంత వివరంగా రాయాలో), వేవ్ ఫైలు (సౌండును నలపని రకం), ఒకే మైకైతే మోనో, అంటే ఒకే ట్రాకు. పాట ఒక్కటే కావాలంటే 44.1 పెట్టినా తప్పులేదు. వీడియోకు మాత్రం 48 ఉండాలి, వీడియో ప్రపంచం దాని మీదే నడుస్తుంది. ఈ లెక్కన మోనో నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ, గంటకు 518 ఎంబీ. స్టీరియో అయితే దానికి రెట్టింపు. పోయేముందు ఫోన్‌లో ఖాళీ చూసుకోండి. అల్లుడి గృహప్రవేశం వీడియోలు తర్వాత తీసేయొచ్చులే అనుకుంటే, ఆ "తర్వాత" పాట మధ్యలో వస్తుంది.

గది

ఫ్యాను ఆపాలి. మే నెలలో తిరుపతిలో ఈ మాట చెప్పడం తేలికే, ఆపి కూర్చోవడం కష్టం. పావుగంట పాడించి, ఫ్యాను వేసి మజ్జిగ ఇచ్చి, మళ్ళీ పావుగంట. ఫ్రిజ్ కూడా ఆపండి. ఆపి, మీ బండి తాళం చెవి దాంట్లో పెట్టండి. మళ్ళీ ఫ్రిజ్ వేయకుండా ఇల్లు దాటలేరు.

మేమున్నది బైరాగిపట్టెడలో. తెల్లవారుజామున నిశ్శబ్దంగా ఉంటుందని మొదట్లో అనుకున్నాను. ఆ వేళకు ఎవరింట్లోనో సుప్రభాతం, ఎక్కడో రైలు కూత, పాలబండి. రాత్రి కుక్కలు. మాకు కుదిరింది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, వీధి మొత్తం తిని పడుకున్నప్పుడు. మీ వీధి ఎప్పుడు పడుకుంటుందో ఒకరోజు హెడ్‌ఫోన్ పెట్టుకుని గమనించండి. మైకు ద్వారా వింటేనే తెలుస్తుంది. మామూలు చెవికి అలవాటైపోయిన శబ్దాలన్నీ అక్కడ బయటపడతాయి.

గట్టి గోడల ఖాళీ హాలు వద్దు. గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. పడకగదిలో పరుపు ఉన్నవైపు, బీరువా తలుపు తీసి బట్టలు కనపడేలా పెట్టి, పాడేవాళ్ళను ఆ బట్టల వైపు ముఖం పెట్టి కూర్చోబెట్టండి. మైకు వాళ్ళకూ బట్టలకూ మధ్యలో ఉంటుంది. దుప్పట్లు దండెం మీద వేసినా ఇదే పని చేస్తాయి. మా వాడొకడు సహజంగా ఉంటుందని కపిలతీర్థం వైపు, జలపాతం వినిపించే చోట వానాకాలంలో పాట రికార్డు చేశాడు. నీటి చప్పుడులో అన్ని స్థాయిల శబ్దాలూ కలిసి ఉంటాయి, గొంతులోంచి దాన్ని విడదీయలేం. వాడి పాట వేయించిన పప్పు పక్కన పాడినట్టుంది. ఇక కొండ మీద గుడిలోకి ఫోన్ తీసుకుపోనివ్వరు కాబట్టి ఆ ఊహే వద్దు.

మైకు నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, గడ్డం ఎత్తులో, పది నుంచి ఇరవై సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. "ప", "బ", "ఫ" అనేటప్పుడు గాలి నేరుగా మైకులోకి కొట్టదు. హార్మోనియంకు రెండడుగులన్నా దూరం ఉంచండి, లేకపోతే దాని బెలోస్ (తిత్తి) గాలి పీల్చే చప్పుడు స్వరం కంటే ముందు వస్తుంది. మృదంగానికి ఒకే మైకుంటే రెండు మూతలకూ సమానంగా, నడుముకు ఎదురుగా, రెండున్నర అడుగుల దూరం.

గెయిన్, అసలు పని ఇక్కడే

ఫోన్‌లో సౌండు కొలత డెసిబెల్స్‌లో ఉంటుంది, అది సున్నా దగ్గర ఆగిపోతుంది. దాని కింద అంకెలన్నీ మైనస్‌లో ఉంటాయి. సున్నా తాకితే అక్కడ శబ్దం తల నరికినట్టు తెగుతుంది. మైకు సెట్ వాళ్ళ భాషలో "సౌండ్ పగిలింది". పగిలినదాన్ని ఏ యాప్ అతికించలేదు. తక్కువగా రికార్డైనదాన్ని మాత్రం తర్వాత పెంచుకోవచ్చు. 24 బిట్ పెట్టమన్నది అందుకే. లెక్క ప్రకారం అతి సన్నటి సౌండుకూ అతి గట్టి సౌండుకూ మధ్య 16 బిట్‌కు 96 డెసిబెల్స్ చోటుంటే దీనికి 144. చేతిలో పట్టే డబ్బా అంత ఇవ్వలేకపోయినా, కాస్త తక్కువగా తీసుకున్నా పాట పాడైపోనంత జాగా ఉంటుంది.

"హలో హలో, మైక్ టెస్టింగ్" అని గెయిన్ పెట్టకండి. ఆ మాట ఎవరైనా మెల్లగానే అంటారు. పాడేవాళ్ళను పాటలో అన్నిటికన్నా పైకి వెళ్ళే చోటు, ఏ చరణంలోనో ఉంటుంది, అది నిజంగా పాడమనండి. అప్పుడు గెయిన్ తిప్పుతూ మీటరు మైనస్ 12 దగ్గర తాకేలా పెట్టండి. అసలు పాటలో ఇంకాస్త గట్టిగా పాడతారు, అప్పుడు మైనస్ 8, మైనస్ 6 దాకా పోతుంది. ఫర్వాలేదు. డబ్బా మీద ఎర్రలైటు ఒక్కసారి మెరిసినా ఆపి, గెయిన్ తగ్గించి, ఆ పాట మళ్ళీ పాడించండి. మొహమాటపడితే ఇంటికొచ్చాక బాధపడతారు.

యాప్‌లో వాల్యూమ్ తగ్గించి సరిచేశాననుకోవద్దు. సౌండు డబ్బాలోనే పగిలిపోతే యాప్ పగిలినదాన్నే చిన్నగా వినిపిస్తుంది.

కొన్ని డబ్బాలకు ఆటో గెయిన్ ఉంటుంది. మాట్లాడేదానికి వాడుకోండి, పాటకు ఆపేయండి. పాడేవాళ్ళు ఊపిరి తీసుకున్నప్పుడల్లా అది గదిని పెంచుతుంది. గొంతు ఆగగానే బయట ఆటో చప్పుడు లేచి, పాట మొదలవగానే అణిగిపోతుంది. వింటే సముద్రపు అలలాగా తల తిరుగుతుంది.

హెడ్‌ఫోన్ వైరుదే వాడండి. బ్లూటూత్‌లో సౌండు సెకనులో పదో వంతు, ఇంకా ఎక్కువ ఆలస్యంగా వస్తుంది. పాడేవాళ్ళ చెవిలో అది పెడితే తాళం తప్పుతారు. వైరు పెట్టినా యాప్ గుండా తిరిగి వచ్చే గొంతు కొంచెం ఆలస్యమవుతుంది. డబ్బా మీద డైరెక్ట్ మానిటర్ (గొంతును ఫోన్ దాకా పోనివ్వకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కు పంపేది) అని మీటుంటే అది వేసి, యాప్‌లో మానిటరింగ్ ఆపండి. రెండూ వేస్తే ఒకే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.

హరికథ దగ్గర, మైకు సెట్ నుంచి తీసుకోవడం

మన చిత్తూరు వైపు పల్లెల్లో వేసవి వస్తే భారతాలు. ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజులు, పగలు హరికథ, రాత్రి నాటకం, చివర్లో దుర్యోధన వధ, అగ్నిగుండం. పగటి హరికథ రికార్డు చేయాలని చాలామందికి ఆశ. బూరల ముందు నిలబడి ఫోన్ ఎత్తిపడితే వచ్చేది గోల. హరిదాసు ముందున్న మైకు ఎటూ మైకు సెట్‌లోకి పోతోంది. అక్కడినుంచే మీరు తీసుకోవాలి.

మైకు సెట్ అబ్బాయితో ముందురోజే మాట్లాడండి. టీ ఇప్పించండి. "అన్నా, రికార్డింగ్‌కు లైన్ అవుట్ ఇస్తావా" అని అడగండి. మీ వైర్లు మీరే తెచ్చుకుంటామని చెప్పండి. వాళ్ళ సామాను ముట్టుకోకండి. ఆంప్లిఫయర్ వెనక లైన్ అవుట్ అనో రికార్డింగ్ అవుట్ అనో ఒక సాకెట్టు ఉంటుంది. అది కావాలి.

ఇక్కడ ఒక ప్రమాదం. అదే ఆంప్లిఫయర్ వెనక బూరలకు పోయే స్క్రూలు ఉంటాయి. ఊరంతా బూరలు కట్టే సెట్‌లలో దూరం పోవడానికి 100 వోల్టుల లైను వాడతారు. దాన్ని మీ డబ్బాకు తగిలిస్తే డబ్బా పోతుంది, దానితో ఫోన్ పోతుంది, మీ చెయ్యీ పోవచ్చు. తెలియని సాకెట్టు ఏదైనా ముందు అతన్నే అడగండి.

సరైన సాకెట్టులోంచి వచ్చేది కూడా మైకు కంటే ఎన్నో రెట్లు గట్టిది. మీ డబ్బాకు లైన్ ఇన్‌పుట్ ఉంటే అందులో పెట్టండి. మైకు ఇన్‌పుట్ ఒక్కటే ఉంటే గెయిన్ సున్నాలో పెట్టినా పగులుతుంది. మధ్యలో ఇరవై డెసిబెల్స్ తగ్గించే అటెన్యుయేటర్ పెట్టాలి, చిన్న గొట్టంలాంటి పిన్ను, మైకు సామాన్ల షాపులో దొరుకుతుంది. ఫాంటమ్ తప్పకుండా ఆపేయండి, వాళ్ళ సెట్‌లోకి 48 వోల్టులు పంపడం మర్యాద కాదు.

ఫోన్‌ను ఛార్జింగ్‌లో పెట్టకండి. మీ ఫోన్ బ్యాటరీ మీద నడుస్తున్నంతసేపు దానికి కరెంటు లైనుతో సంబంధం లేదు. ఛార్జర్ పెట్టగానే మైకు సెట్ ఒకవైపు నుంచి, ఛార్జర్ ఇంకోవైపు నుంచి ఒకే కరెంటుకు కలుస్తాయి, ఆ చుట్టలో 50 హెర్ట్జ్ హమ్మింగ్ తిరుగుతుంది. కథ మొత్తం కింద తుమ్మెద పట్టినట్టు వినిపిస్తుంది. బ్యాటరీ చాలదనుకుంటే పవర్ బ్యాంకు తెచ్చుకోండి, దానికి గోడతో పని లేదు. అయితే ఒకే సాకెట్టున్న ఫోన్లలో డబ్బాకూ పవర్ బ్యాంకుకూ కలిపి చోటిచ్చే హబ్బు కావాలి. అన్ని హబ్బులూ అన్ని ఫోన్లతో కుదరవు, ఇంట్లో ముందే పెట్టి చూసుకోండి.

గెయిన్ ఇక్కడ ఇంకా తగ్గించండి. హరిదాసు చేతిలో చిడతలు ఉంటాయి. ఆ చప్పుడు సూదిలా లేస్తుంది, మీటరు దాన్ని పూర్తిగా చూపించేలోపే పడిపోతుంది. గొంతు మైనస్ 12 దగ్గర ఉందని సంబరపడితే చిడతలు సున్నా దాటేస్తాయి. నేను గొంతును మైనస్ 18 దగ్గర ఉంచుతాను.

ఇప్పుడు రెండో ఇన్‌పుట్ ఎందుకో చెప్తానన్నాను. మైకు సెట్‌లోంచి వచ్చేది మైకులున్న వాటినే వినిపిస్తుంది. దాసు గొంతు, హార్మోనియం, బహుశా మృదంగం. జనం నవ్వు ఉండదు. ఆయన చమత్కారం వేస్తాడు, అది శూన్యంలో పడినట్టు ఉంటుంది. ముసలమ్మలు "అయ్యో తల్లీ" అనడం, గోవింద కొట్టడం ఏదీ ఉండదు. అందుకని రెండో ఇన్‌పుట్‌కు మీ సొంత మైకు పెట్టి, జనంలో ఆడవాళ్ళు కూర్చున్నవైపు, బూరలకు దూరంగా ఒక స్తంభానికి కట్టండి. యాప్‌లో రెండు ట్రాకులుగా విడిగా తీసుకోండి.

ఆ రెండూ కలిపి వింటే ప్రతిధ్వని లాగా ఉంటుంది. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లే పోతుంది కాబట్టి, బూరకు పది మీటర్ల దూరంలో ఉన్న మైకుకు 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. కథ మొదలయ్యేముందు స్టేజీ మైకు దగ్గర గట్టిగా ఒక చప్పట్లు కొట్టించండి. ఇంటికొచ్చి రెండు ట్రాకుల్లో ఆ చప్పట్లు వెతికి, జనం ట్రాకులో ఆలస్యంగా వచ్చిన చప్పట్లు మొదటి ట్రాకు చప్పట్లతో సరిపోయేలా దాన్ని ఎడమవైపుకు జరిపి కలపండి. వీడియో వేరే ఫోన్‌లో తీస్తుంటే దానికీ ఇదే చప్పట్లు గుర్తు. ట్రాకులు కలిపే పని ఫోన్‌లో కంటే కంప్యూటర్‌లో ఆడాసిటీలో సుఖం, అదీ ఉచితమే.

ప్రతి అరగంటకూ రికార్డింగ్ ఆపి మళ్ళీ మొదలుపెట్టండి, దాసు నీళ్ళు తాగేటప్పుడు. ఫోన్ వేడెక్కి ఆగిపోయినా పోయేది ఒక ముక్కే. ఫోన్‌ను ఎండలో పెట్టకండి, తడిగుడ్డా చుట్టకండి. ఒకరు చుట్టారు, నేను చూశాను.

ఫైలు భద్రం

అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించారు కాబట్టే మనదాకా వచ్చాయి. రేకు మీద రాగం పేరు ఉంటుంది. ఆయన ఏ బాణీలో పాడాడో మాత్రం ఏ రేకూ చెప్పదు. ఇప్పుడు మనం వినే బాణీలు చాలావరకు మొన్నమొన్న కట్టినవి. అవ్వ దగ్గర పాట మాటలు నోటుపుస్తకంలో రాసుకుంటే సరిపోతుందని ఎవరైనా అంటే నేను ఈ సంగతి చెప్తాను.

అందుకని ఆ ఊరు దాటకముందే మూడు పనులు చేయండి. ఫైలు మొదలు, మధ్య, చివర ఒక్కో అర నిమిషం హెడ్‌ఫోన్‌లో వినండి. పేరు మార్చండి: తేదీ, ఊరు, పాడినవాళ్ళ పేరు, పాట మొదటి మాట. "రికార్డింగ్ 14" అని వదిలేస్తే ఆరు నెలల తర్వాత మీకే తెలియదు. పెన్‌డ్రైవ్‌లోకో ఇంకో ఫోన్‌లోకో ఒక కాపీ చేయండి. ఎవరికైనా పంపాలంటే వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, మామూలు ఆడియోగా పంపితే నలిపేసి నాణ్యత తగ్గించొచ్చు. నెట్‌లో పెట్టే ఉద్దేశం ఉంటే పాడినవాళ్ళను అడగండి. హరిదాసుకు ఇది బతుకుదెరువు, ఆయన వద్దంటే వద్దు.

అవ్వ దగ్గరికి ఉగాదికి మళ్ళీ పోయాను. ఈసారి పాట మొదలుపెట్టేముందు మైకు జాలీ మీద గీకుతుంటే, "అదేంది, పిల్లిని గోకినట్టు గోకతా ఉండావు" అంది. ఆ మాట కూడా రికార్డయింది, బాగా దగ్గరగా, ఫ్యాను చప్పుడు లేకుండా.